రికార్డు కాదు, అబ్జర్వేషన్ పుస్తకం: పరిశోధనశాలలో తొలి రెండు వారాలు

ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీ నుంచీ, రాజాం, విజయనగరం ఇంజనీరింగ్ కళాశాలల నుంచీ వేసవి ఇంటర్న్‌షిప్‌కు జర్మనీ రాబోయే పిల్లలు అడిగే సందేహాలు ఏటా దాదాపు ఒకే తీరున ఉంటాయి. చలి ఎంత ఉంటుంది, కందిపప్పు దొరుకుతుందా, గది ఎలా వెతుక్కోవాలి, ప్రొఫెసరుగారికి కానుకగా ఏం తేవాలి అని అడుగుతారు. వీటికి జవాబులు తేలికే. మే నెల చివరికి చలి తగ్గుతుంది, పప్పూ బియ్యమూ దొరుకుతాయి, కానుక అక్కరలేదు. గది కోసం మాత్రం అంగీకార పత్రం అందిన రోజునుంచే వెతకడం మొదలుపెట్టాలి. ల్యాబ్‌లో మొదటి రెండు వారాలు ఎలా నడుచుకోవాలన్నది మాత్రం ఎవరూ అడగరు. జర్మనీ విద్యా వినిమయ సంస్థ డాడ్ (DAAD) వారి వైజ్ ఇంటర్న్‌షిప్ పథకమైతే రెండు మూడు నెలలు, కెనడాలోని మైటాక్స్ సంస్థ వారి గ్లోబలింక్ పథకమైతే 12 వారాలు ఉండే ఈ వ్యవహారంలో ఆ రెండు వారాలే కీలకమని నా అభిప్రాయం.

మన దగ్గర ప్రాక్టికల్స్ ఎలా సాగుతాయో తెలిసిందే. అబ్జర్వేషన్ పుస్తకంలో రీడింగులు రాసుకుని, సార్ సంతకం పెట్టాక వాటిని ముత్యాల్లాంటి అక్షరాలతో రికార్డులోకి ఎక్కిస్తాం. సింపుల్ పెండ్యులం ప్రయోగంలో గురుత్వ త్వరణం విలువ (సెంటీమీటర్లలో) 980 దగ్గరకు రాకపోతే, వెనకనుంచి లెక్కగట్టి డోలనాల సమయాన్ని సర్దేవాళ్ళు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. సీనియర్ రికార్డు పక్కన పెట్టుకుని రాసేవాళ్ళు అంతకంటే ఎక్కువ. జవాబు ముందే తెలిసిన ప్రయోగం కాబట్టి అక్కడ అది మార్కుల వ్యవహారంగా గడిచిపోతుంది. పరిశోధనశాలలో జవాబు ప్రొఫెసరుకు కూడా తెలియదు. తెలిస్తే ఆ ప్రయోగమే ఉండదు. కవిటి, సోంపేట, కంచిలి వైపు పిల్లలకు ఈ సంగతి ఇంకా బాగా అర్థం కావాలి. ఆ ఊళ్ళున్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మూత్రపిండాల జబ్బుకు మూలమేమిటో ఇన్నేళ్ళ పరిశోధన తరువాత కూడా తేలలేదు. తాగునీరా, ఎండలో పనిచేసి ఒంట్లో నీరు తగ్గడమా, పురుగుమందులా, జన్యువులా అన్న అనుమానాలు ఇంకా పరీక్షలోనే ఉన్నాయి. అక్కడ రక్తంలో, మూత్రపిండాల పనితీరును తెలిపే క్రియాటినిన్ కొలిచిన కుర్రవాడెవరో గ్రాఫు చక్కగా రావాలని నాలుగు రీడింగులు సర్దితే, అసలు కారణానికి దారి చూపే నాలుగు రీడింగులు అవే అయి ఉండవచ్చు.

అందువల్ల ఇక్కడ మీరు నింపవలసింది అబ్జర్వేషన్ పుస్తకాన్నే. పెన్నుతో రాయాలి, ప్రతి పేజీకీ తేదీ వేయాలి, తప్పు రాస్తే కింది అక్షరాలు కనిపించేలా ఒక్క గీత మాత్రమే కొట్టాలి, కాగితం చింపకూడదు. "జూన్ 3, ఉదయం 10.20. రెండో నమూనా. 60 డిగ్రీలకు పెట్టాను, థర్మామీటరు 57 చూపుతోంది. మూత సరిగా పడలేదేమో." పేజీ ఇలా ఉంటే చాలు. రసాయనం సీసా మీది లాట్ నంబరు, కంప్యూటరులో ఫైలు పేరు కూడా పక్కనే చేర్చండి. సాయంత్రం గదికి వెళ్ళి గుర్తు తెచ్చుకుని రాద్దామనుకుంటే ఆ 57 కాస్తా 60 అయిపోతుంది.

రోజువారీ పని నేర్పేది సాధారణంగా ప్రొఫెసరు కాదు. ఒక పీహెచ్‌డీ విద్యార్థో, పీహెచ్‌డీ అయ్యాక పరిశోధన చేస్తున్న పోస్ట్‌డాకో నేర్పుతారు. వాళ్ళు యంత్రం చూపించి "అర్థమైందా" అని అడిగినప్పుడు తల ఊపేయడం మన పిల్లల అలవాటు. అడిగితే తెలివితక్కువవాడనుకుంటారని భయం, పెద్దవాళ్ళను పదేపదే విసిగించకూడదన్న మర్యాద రెండూ అందులో ఉన్నాయి. ఇక్కడివాళ్ళు ఆ మౌనాన్ని మర్యాదగా తీసుకోరు, అర్థమైందనే అనుకుంటారు. మర్నాడు మిమ్మల్ని ఆ యంత్రం ముందు ఒంటరిగా వదిలేస్తారు. ఒక గంట సొంతంగా ప్రయత్నించి, ఆపైన వెళ్ళి అడగండి. "ఇది పనిచేయడం లేదు" అని ఊరుకోకుండా, ఏం చేశారు, ఏం జరిగింది, ఎక్కడ అనుమానంగా ఉంది అన్న మూడూ చెబితే విసుక్కునేవాళ్ళు అరుదు.

మొదటి వారంలో భద్రతా శిక్షణ ఉంటుంది. అది పూర్తికానిదే ఏమీ ముట్టుకోనివ్వరు, దాన్ని తంతుగా తీసుకోవద్దు. మన కళాశాలల్లో పిపెట్‌ను నోటితో పీల్చడం నేర్చుకున్నవారు ఇంకా ఉన్నారు. ఇక్కడ ఆ పని చేస్తే అక్కడికక్కడే ఆపేస్తారు. చెప్పులతో రానివ్వరు. చేతి తొడుగులతో తలుపు పిడి, ఫోను తాకకూడదు. ద్రవ నైట్రోజన్ మైనస్ 196 డిగ్రీల దగ్గర మరుగుతుంది. అది వాయువుగా మారితే ఘనపరిమాణం దాదాపు 700 రెట్లు పెరుగుతుంది కాబట్టి, గాలి ఆడని చిన్న గదిలో ఒలికితే ఊపిరికి ఆక్సిజన్ చాలకుండా పోతుంది. నమూనాలు దాచే ఫ్రిజ్‌లో అమ్మ పంపిన ఆవకాయ సీసా పెట్టకూడదని వేరే చెప్పనక్కరలేదనుకుంటాను, కానీ చెబుతున్నాను.

చాలామందికి మొదట ఇచ్చేది పాత ఫలితాన్ని మళ్ళీ రాబట్టే పని. అది రెండు మూడు సార్లు రాకపోవడం మామూలే. వారపు సమావేశంలో "రాలేదు, ఇదిగో గ్రాఫు" అని చూపించండి. ఆ గ్రాఫును ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టడం మాత్రం తగదు, ప్రచురణ కాని ఫలితం బయటికి పోకూడదు.

అమెరికాలో ఎఫ్-1 విద్యార్థి వీసా మీద చదువుతూ బయటి ల్యాబ్‌లో ఇంటర్న్‌షిప్‌కు వెళ్ళేవారు, చదువులో భాగంగా పనిచేయడానికిచ్చే సీపీటీ అనుమతి, విద్యాసంస్థ ఇచ్చే ఐ-20 పత్రంలో నమోదయ్యాకే పనిలో చేరాలి, ఒక్క రోజు ముందైనా చేరకూడదు. ఎక్కడివారికైనా ఇంకో మాట. మీరు రాసిన అబ్జర్వేషన్ పుస్తకం ల్యాబ్‌కు చెందుతుంది, దాన్ని ఇంటికి తెచ్చుకోలేరు. మీ కళాశాలకు ఇవ్వవలసిన నివేదికలో ఏ గ్రాఫులు వాడుకోవచ్చో ముందే అడిగి, అనుమతిని ఈమెయిలులో తీసుకోండి. ఆగస్టులో ప్రొఫెసర్లు సెలవుల మీద వెళ్తుంటారు కనుక, ధ్రువపత్రం మీద సంతకం జూలైలోనే పెట్టించుకోండి.