లింకన్ నిజంగా సమర్థుడైన ప్లీడరేనా?

అధ్యక్షుడయ్యాక వచ్చిన పేరు వల్లే అబ్రహాం లింకన్‌ను గొప్ప న్యాయవాది అంటున్నారా అని అడిగారు. కాదు, పని తెలిసిన ప్లీడరే. నేను జిల్లా కోర్టుల్లో ప్రాక్టీసు చేస్తున్నాను. మా అమ్మాయి ఇల్లినాయ్ రాష్ట్రంలోని బ్లూమింగ్టన్‌లో ఉంటుంది కాబట్టి, ఆయన వాదించిన ఊళ్లు కొన్ని తీరిగ్గా చూడగలిగాను.

మౌంట్ పులాస్కీలో ఆనాటి ఇటుకల కోర్టు భవనం ఇంకా నిలిచే ఉంది. కోర్టు హాలు పై అంతస్తులో ఉంటుంది. చాలా చిన్న గది. జ్యూరీ ముఖాలు చూస్తూ మామూలు గొంతుతో మాట్లాడితే చాలు. లింకన్ వాదన ఎందుకంత సూటిగా, చిన్న మాటలతో ఉండేదో అక్కడ నిలబడినప్పుడు నాకు బోధపడింది.

ఆయన బడిలో చదివింది మొత్తం కలిపినా ఏడాది లేదు. లా పుస్తకాలు అరువు తెచ్చుకుని చదివి, 1837లో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ప్రాక్టీసు పెట్టారు. అప్పటికే ఆయన శాసనసభ్యుడు. ఏటా వసంతంలో ఒకసారి, శరత్కాలంలో ఒకసారి జడ్జీ, ప్లీడర్లూ కలిసి గుర్రాల మీద, బగ్గీల్లో ఊరూరా తిరుగుతూ కోర్టు జరిపేవారు. పూటకూళ్ల ఇళ్లలో ఒకే మంచం మీద ఇద్దరేసి పడుకునేవారు. ఊళ్లో దిగగానే కక్షిదారులు చుట్టుముట్టేవారు. వచ్చేవాటిలో ఎక్కువ అప్పు దావాలే. లింకన్ ముఖ్యమైన కాగితాలు తన పొడవాటి టోపీలోనే పెట్టుకునేవారు.

క్రాస్ ఎగ్జామినేషన్ నేర్చుకునే జూనియర్లకు నేను 1858 నాటి బియర్డ్‌స్టౌన్ హత్య కేసు చెబుతుంటాను. ముద్దాయి డఫ్ ఆర్మ్‌స్ట్రాంగ్. లింకన్ కుర్రతనంలో ఆ ఇంట అన్నం తిన్నవారు, అందుకే ఫీజు తీసుకోలేదు. రాత్రి పదకొండు గంటల ప్రాంతంలో, నిండు వెన్నెల్లో కొట్టడం చూశానన్నాడు సాక్షి. లింకన్ తొందరపడలేదు. వెన్నెల మాట అతని చేతే మళ్లీ మళ్లీ చెప్పించారు. తప్పించుకునే దారులన్నీ మూసుకున్నాక పంచాంగం తీసి చూపించారు: ఆ వేళకు చంద్రుడు అస్తమించబోతున్నాడు. ముద్దాయి విడుదలయ్యాడు.

పేదల కేసులే వాదించేవారనుకోకండి. ఇల్లినాయ్ సెంట్రల్ రైల్వేకు పన్ను కేసు గెలిచిపెట్టి, ఫీజు దగ్గర పేచీ వస్తే 1857లో ఆ కంపెనీ మీదే దావా వేసి గెలిచి, మొత్తం 5,000 డాలర్ల ఫీజు రాబట్టుకున్నారు. అందులో తప్పేమీ లేదు.

నాకు మింగుడుపడనిది 1847 నాటి మాట్సన్ కేసు. అంతకు ఆరేళ్ల ముందు నాన్స్ అనే నల్లజాతి మహిళ అమ్మకం చెల్లదని రాష్ట్ర సుప్రీంకోర్టులో గెలిచిన మనిషే, ఇక్కడ కెంటకీ నుంచి బానిసలను తెచ్చుకున్న యజమాని పక్షాన నిలిచారు. జేన్ బ్రయంట్, ఆమె పిల్లలు స్వేచ్ఛ కోరుతున్నారు. లింకన్ ఓడిపోయారు, వాళ్లు విముక్తులయ్యారు. ఎవరు ముందు వస్తే వారి వకాల్తా తీసుకోవడం వృత్తిధర్మమని కొందరు సమర్థిస్తారు. కానీ అమెరికాలో వకాల్తా కాదనే హక్కు ప్లీడరుకు ఉంటుంది. ఆ కేసు ఆయన తీసుకోకుండా ఉండాల్సింది.

1849లో అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్‌లో పదవీకాలం ముగిశాక ఆయన మళ్లీ కోర్టు పనిలో పడ్డారు. బానిసత్వం కొత్త ప్రాంతాలకు పాకేందుకు దారి తెరిచిన 1854 నాటి కాన్సస్-నెబ్రాస్కా చట్టం ఆయనను తిరిగి రాజకీయాల్లోకి లాగింది. అప్పుడు పనికొచ్చింది ఆ ఊరూరా తిరిగిన పరిచయమే. కలిసి ప్రయాణించిన జడ్జి డేవిడ్ డేవిస్ 1860లో షికాగో రిపబ్లికన్ సదస్సులో దగ్గరుండి మద్దతు కూడగట్టి, ఆయనకు పార్టీ తరఫున అధ్యక్ష అభ్యర్థిత్వం దక్కేలా చేశారు. డేవిస్ భవనం బ్లూమింగ్టన్‌లోనే ఉంది. మీరు అటు వెళితే స్ప్రింగ్‌ఫీల్డ్‌లో లింకన్ ఇంటితోపాటు, హెర్న్‌డన్‌తో కలిసి నడిపిన లా ఆఫీసు కూడా చూడండి.