మాగ్నటైట్ మీది పల్లాడియం: నాలుగో విడతలో దిగుబడి పడిపోవడం గురించి

చెన్నైలోని మీ ప్రయోగశాలలో మాగ్నటైట్ (అయస్కాంత గుణమున్న నల్లటి ఐరన్ ఆక్సైడ్) మీద నిలిపిన పల్లాడియం ఉత్ప్రేరకంతో సుజుకి చర్య (బోరాన్ సమ్మేళనాన్ని, ఆర్గానిక్ హాలైడ్‌ను క్షారం సమక్షంలో కార్బన్-కార్బన్ బంధంతో కలిపే చర్య) చేస్తున్నారని, అయస్కాంతంతో వేరుచేసి మళ్లీ వాడితే నాలుగో విడతకు దిగుబడి సగమైందని రాశారు. లోహం ద్రావణంలోకి కరిగి పోతోందా, లేక ఉపరితలం మూసుకుపోతోందా అన్నది ముందు తేల్చుకోవాలి.

చర్య 30 శాతం దాకా జరిగాక, ద్రావణం వేడిగా ఉండగానే ఉత్ప్రేరకాన్ని వడపోసి తీసేయండి. చల్లారనిస్తే కరిగిన పల్లాడియం తిరిగి ఆధారమైన మాగ్నటైట్ మీదికి చేరి మిమ్మల్ని తప్పుదోవ పట్టించవచ్చు. మిగిలిన ద్రావణాన్ని అదే ఉష్ణోగ్రతలో కొనసాగించినప్పుడు ఉత్పన్నం పెరిగితే, కరిగిన లోహం కూడా పనిచేస్తోందన్నమాట. పెరగకపోయినంత మాత్రాన కరగలేదనుకోకండి; ద్రావణంలో పల్లాడియం ఎంతుందో ఐసీపీ (ద్రావణంలోని లోహాలను అతి తక్కువ మోతాదులోనూ కొలిచే ప్లాస్మా) పరీక్షతో కొలిపించాలి. ఐఐటీ మద్రాస్‌లోని పరికరాల కేంద్రం సైఫ్ (SAIF)లో ఆ సౌకర్యం ఉంది.

నల్లటి పొడి మీద తెల్లని పెచ్చు కనిపిస్తే అది బహుశా క్షారం, బోరేట్ లవణాలే. ఇథనాల్‌తో మాత్రమే కడిగితే అవి సరిగా పోవు, కాబట్టి ముందు నీటితో, తర్వాత ఇథనాల్‌తో కడగండి. ఆమ్లం వాడితే మాగ్నటైట్ కరుగుతుంది.

ఇంకొకటి, నా దృష్టిలో ఇదే ముఖ్యం: ప్రతి విడతనూ రాత్రంతా నడిపి చివరి దిగుబడినే పోలిస్తే, నెమ్మదించిన ఉత్ప్రేరకం కూడా అంతసేపట్లో చర్యను పూర్తిచేయగలదు కాబట్టి, రెండో విడతలోనే మొదలైన క్షీణత కూడా కనిపించకపోవచ్చు. తొలి అరగంట వేగాలను పోల్చండి, పొడి ఎంత పోతోందో తెలిసేలా ప్రతిసారీ దాన్ని ఆరబెట్టి తూచండి.