ఆ కిటికీ మూయొద్దు తల్లీ

కావలి,
ఆదివారం పొద్దున

అమ్మాయ్,

ఇల్లు కడుతున్నావని, హాల్లోనే హోమ్ థియేటర్ పెట్టుకుంటున్నావని నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నా చెయ్యి పట్టుకుని షాపుకొచ్చి, విప్పిన టీవీల ముందు బాసింపట్టు వేసుక్కూర్చున్న పిల్ల నెల్లూరులో సొంతిల్లు కడుతోందంటే ఎంత సంతోషమేసిందో! కానీ ప్లాను ఫోటో చూశాక నిద్రపట్టలేదు. తూర్పు గోడ కిటికీ తీసేసి అక్కడ టీవీ గీశారు. అందుకే కాఫీ కూడా తాగకుండా రాస్తున్నాను.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తా. సోఫాకూ టీవీకీ మధ్య ఎనిమిదిన్నర అడుగులుంటే 65 అంగుళాల టీవీ సరిపోతుంది. టీవీ నడిమధ్య భాగం నేలకు మూడున్నర అడుగుల ఎత్తులో, కూర్చున్న మనిషి కంటికి సూటిగా ఉండాలి. పైకి బిగిస్తే మెడలు పట్టేస్తాయి. లైట్లన్నీ ఒకే స్విచ్చుకి ఇవ్వొద్దు. సోఫా గుడ్డ చేపల పులుసు ఒలికినా తుడిస్తే పోయేదై ఉండాలి.

గోడలో వైర్లు పోయే పైపుల దగ్గర మాత్రం మేస్త్రీ మాట వినకు. ముప్పావు అంగుళం పైపు చాలంటాడు. టీవీకి బొమ్మా శబ్దమూ తెచ్చే హెచ్‌డీఎంఐ వైరు సన్నగానే ఉంటుంది, దాని తలకాయ మాత్రం వెడల్పు. వంపు దగ్గర ఇరుక్కుంటే బయటికీ రాదు, లోపలికీ పోదు. టీవీ నుంచి సామాను పెట్టే అల్మారా దాకా రెండంగుళాల పైపు వేయించు, లోపల ఒక నైలాన్ తాడు వదిలెయ్. పదేళ్ళ తర్వాత కొత్త రకం వైరొచ్చినా ఆ తాడుకు కట్టి లాగొచ్చు. వెనక స్పీకర్ల వైర్లు కూడా ఇప్పుడే గోడలో పోవాలి. ప్లాస్టరింగ్ అయ్యాక గోడ పగలగొడితే ఊరుకోను.

ఎర్త్ గుంత సరిగ్గా తీయించు. దీని గురించి పది సార్లు చెప్పినా నాకు తృప్తి ఉండదు. అయితే ఎర్త్ ఒక్కటీ చాలదు. ఒక కార్తీక మాసం గాలివానకి స్తంభం మీద న్యూట్రల్ వైరు తెగి, ఒకే వీధి నుంచి ఒక్కరోజులో తొమ్మిది టీవీలు నా షాపుకొచ్చాయి. 230 వోల్టులు రావాల్సిన చోట 400కి దగ్గరగా వస్తే ఏం మిగులుతుంది? వోల్టేజీ పెరిగితే తనంతట తాను కట్టయ్యే పరికరం బోర్డులోనే పెట్టించు. ఉరుములు మొదలైతే ప్లగ్గు తీసెయ్, డిష్ వైరు కూడా తీసెయ్. బాబు ఒక్కడూ ఉన్నప్పుడు వాడి చేత తీయించొద్దు.

ఇక కిటికీ.

2007లో నేనూ ఇదే పని చేశాను. షాపు బాగా నడుస్తున్న రోజులు. ఐదు స్పీకర్లు, బరువైన శబ్దాల కోసం ఒక ఊఫర్, సెకండ్ హ్యాండ్ ప్రొజెక్టర్ కొన్నాను. తెర కోసం హాల్లో తూర్పు కిటికీని ఇటుకలతో మూయించి, గోడలకు ప్లైవుడ్ కొట్టించి, దాని మీద మెరూన్ రంగు గుడ్డ అంటించాను. మొదటి వారం వీధిలో వాళ్ళంతా వచ్చి చూశారు. నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు.

ఆ కిటికీ మీ అమ్మమ్మది. మధ్యాహ్నం రెండు దాటాక సముద్రం గాలి మళ్ళేది చూడు, అది నేరుగా ఆ కిటికీలోంచే వచ్చేది. చింతపండు గింజలు తీస్తూ, కూరగాయల బండి ఆపుతూ, వచ్చే పోయే వాళ్ళని పలకరిస్తూ అక్కడే కూర్చునేది. మూసిన రోజు ఒక్క మాట అనలేదు. కుర్చీ తీసుకుని పెరటి వసారాలోకి వెళ్ళిపోయింది. రోహిణి కార్తె ఎండల్లోనూ అక్కడే. కార్తీకం ముసురు పట్టినప్పుడు, జల్లు కొడుతుంటే గోనెపట్టా అడ్డం కట్టుకుని కూర్చుని ఉంది. "లోపలికి రామ్మా, అంత మంచి హాలు పెట్టుకుని ఇక్కడేంటి" అన్నాను.

"అక్కడ పగలో రాత్రో తెలీడం లేదురా" అంది.

అంతే అంది. నేను హాల్లోకి వచ్చి నిలబడ్డాను. పగలు పదకొండు గంటలకి లైటు వేసుకోవాల్సి వచ్చింది. ప్లైవుడ్ వెనక తేమ చేరి ముక్కవాసన. సినిమా చూసేది వారానికి రెండు గంటలు, మిగతా గంటలన్నీ ఆ ఇంట్లో ఉండేది ఆమె. సంక్రాంతి లోపే గోడ పగలగొట్టించాను. మళ్ళీ కిటికీ పెడుతుంటే ఆమె బల్ల మీద కూర్చుని మేస్త్రీకి మజ్జిగ ఇచ్చింది. ఆ తర్వాత నాలుగేళ్ళు అక్కడే కూర్చుంది. ఆ కిటికీ చెక్క మీద ఆమె మోచెయ్యి ఆనించే చోట రంగు పోయింది. ఇన్నిసార్లు ఇంటికి రంగులేయించినా ఆ ఒక్క చోటా వేయనివ్వలేదు నేను.

మీ అమ్మ నీ దగ్గరే ఉంటుంది. మోకాళ్ళ నొప్పులతో ఆమె మేడెక్కదు, పగలంతా ఆ హాల్లోనే. అల్లుడుగారు చీకటి కావాలన్నారట, అందులో తప్పేం లేదు. టీవీని దక్షిణం గోడకి మార్చు. కిటికీ పక్కకొస్తుంది, వెలుతురు తెర మీద పడదు, చూసేవాళ్ళ కంట్లోనూ పడదు. రెండు వరసల కర్టెన్లు వేయించు: పగటికి పల్చటిది, సినిమాకి లైనింగ్ ఉన్న మందపాటిది. కడ్డీ కిటికీకి రెండు వైపులా అర అడుగు ఎక్కువ ఉంటే అంచుల్లోంచి వెలుగు రాదు.

చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ టీవీ వెనక గోడకు వేయిస్తానన్నావట. రాయి అందంగానే ఉంటుంది, ఆ బంగారు చుక్కలు నాకూ ఇష్టమే. కానీ దాంట్లో ప్రతి బల్బూ కనిపిస్తుంది, మాట గింగురుమంటుంది. నేలకు వేసుకో, సోఫా ముందు మందంగా జంపఖానా పరుచు. ఎదురు గోడకి పుస్తకాల అల్మారా పెట్టు. ఖాళీ హాల్లో ఒకసారి చప్పట్లు కొట్టి విను, సామానంతా చేరాక మళ్ళీ కొట్టి విను, తేడా నీకే తెలుస్తుంది. ఊఫర్‌ని ముందు సోఫాలో నువ్వు కూర్చునే చోట పెట్టి పాట వేసి, గోడల వెంట వంగి నడుస్తూ విను. ఎక్కడ శబ్దం బరువుగా, శుభ్రంగా వినిపిస్తే అదే దాని చోటు.

కరెంటు వాళ్ళు గోడకు గాడి కొట్టే ముందు రోజు ఫోన్ చెయ్. టేపు, టెస్టరు తీసుకుని పొద్దున బస్సుకే వచ్చేస్తా. మీ అమ్మ కుర్చీ కూడా అప్పటికే హాల్లో వేయించు, ఆమెను కూర్చోబెట్టే కొలతలు తీసుకుందాం.

మీ మామయ్య