ఎడిన్‌బరాలో మే, జూన్ నెలల్లో పూసే అరుదైన మొక్కలు ఏం పెట్టుకోవచ్చు?

మీరు అడిగింది ఇదీ: ఎడిన్‌బరా శివార్లలో ఇల్లు తీసుకున్నారు, వెనక చిన్న స్థలం ఉంది, అందులో సగం గోడ నీడ. గులాబీలు, పెటూనియాలు కాకుండా వేసవి మొదట్లో పూసి, ఏటేటా తిరిగి చిగురించే మొక్కలు కావాలి. కొండ మొక్కలు బతుకుతాయా, వాటి విత్తనాలు హైదరాబాద్‌లో ఉన్న అమ్మగారికి పంపొచ్చా అని కూడా అడిగారు. నేను మీ ఊరి పక్కనే చాలా ఏళ్లుగా ఇవే పెంచుతున్నాను కాబట్టి నా అనుభవం చెబుతాను.

ముందు ఒక అపోహ తీసేద్దాం. ఈ కొండ మొక్కలు చలికి చావవు. ఆల్ప్స్‌లోనో హిమాలయాల్లోనో పుట్టినదానికి ఇక్కడి మైనస్ అయిదు ఒక లెక్కే కాదు. వాటి సొంత చోట చలికాలమంతా మంచు కింద పొడిగా పడుకుంటాయి. ఇక్కడ నవంబరు నుంచి మార్చి దాకా మంచు తక్కువ, ముసురు ఎక్కువ. మొదళ్ల దగ్గర తడి ఆరక కుళ్లి చస్తాయి. దుకాణాల్లో అన్నిటినీ 'ఆల్పైన్' (కొండ మొక్క) అని ఒకే బల్ల మీద పెట్టి అమ్ముతారు గానీ, వాటిలో పూర్తిగా వేరు స్వభావాలున్నవి ఉంటాయి. కొన్ని రాతి సందుల్లో బతికేవి, వాటి మొదట్లో నీరు నిలవకూడదు. ఇంకొన్ని కొండల మీది తేమ పచ్చికల్లో బతికేవి, వాటికి జూన్‌లో నేల ఎండకూడదు. కొనేముందు ఇది ఏ రకమో కనుక్కుంటే సగం డబ్బు మిగులుతుంది. స్కాట్లండ్ వాతావరణానికి రెండోరకం తేలిక. అందుకే అక్కడి నుంచి మొదలుపెట్టమంటాను.

నా ఓటు మొదట రోస్కోయాకే. చూస్తే ఆర్కిడ్ అనుకుంటారు, కానీ ఇది మన అల్లం, పసుపు కుటుంబం మొక్క. హిమాలయాల నుంచి చైనాలోని యునాన్ దాకా కొండల్లో పెరుగుతుంది. జూన్‌కి పూలు కావాలంటే 'రోస్కోయా కాట్లియాయిడిస్' తీసుకోండి, లేత పసుపు రంగులో దొరుకుతుంది, ఊదా రంగులో కూడా ఉంది. 'పర్‌ప్యూరియా' ఆలస్యంగా పూస్తుంది, అది ఇప్పుడు వద్దు. 'హ్యూమియానా' అని పొట్టిగా, ముదురు ఊదా పూలతో ఇంకోటి ఉంది. ఎడిన్‌బరా బొటానిక్ గార్డెన్‌లో పనిచేసి, 1914లో మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన డేవిడ్ హ్యూమ్ పేరు దానికి పెట్టారు. మీ ఊరి మొక్కే అనుకోవచ్చు. దుంపల్ని పది పదిహేను సెంటీమీటర్ల లోతున, ఆకు ఎరువు బాగా కలిపిన నేలలో, అరనీడలో పాతండి. మే వచ్చేదాకా ఇది నేలలోంచి తల ఎత్తదు. చోటు ఖాళీగా ఉంది కదా అని ఏప్రిల్‌లో గునపం దించకుండా ఒక పుల్ల గుచ్చి గుర్తు పెట్టుకోండి. మొలక రాగానే నత్తలు వాలిపోతాయి, ఆ రెండు వారాలూ రాత్రిపూట టార్చి వేసుకుని చూడాల్సిందే.

తర్వాత అందరూ అడిగే నీలం పాపీ, మెకనోప్సిస్. దీని నీలం ఫోటోల్లో నమ్మబుద్ధి కాదు, ఎదురుగా చూశాక నమ్ముతాం. 1913లో టిబెట్‌లో తిరుగుతూ బెయిలీ అనే బ్రిటిష్ అధికారి ఒక పువ్వుని తెచ్చాడు, 1924లో కింగ్‌డన్-వార్డ్ అనే మొక్కల అన్వేషకుడు విత్తనాలు సేకరించాక ఇది బ్రిటన్ తోటల్లోకి వచ్చింది. దక్షిణ ఇంగ్లండ్‌లో ఉండే మన స్నేహితులు దీని కోసం నానా తిప్పలూ పడతారు, ఎందుకంటే అక్కడి పొడి వేసవి దీనికి పడదు. స్కాట్లండ్‌లో మాత్రం హాయిగా ఉంటుంది. పుల్లటి (ఆమ్ల గుణం ఉన్న) నేల, చల్లని తేమ, మధ్యాహ్నం నీడ ఉంటే చాలు. 'లింగ్‌హోమ్' అనే రకం ఏటా తిరిగి వస్తుంది, విత్తనం కూడా కడుతుంది. చిన్న మొక్క మొదటి ఏడాది పూకాడ వేస్తే తుంచేయమని ఇక్కడి పాత తోటమాలులు చెబుతారు. మనసు ఒప్పదు, నిజమే. కానీ తుంచితే పక్క పిలకలు వేసి గట్టిపడుతుంది, లేకపోతే కొన్ని మొక్కలు ఆ ఒక్కసారి పూసి అలసిపోతాయి.

అదే తేమ మడిలో 'ప్రిములా వియాలై' పెట్టండి. ఒకే కంకి మీద పైన ఎర్రటి మొగ్గలు, కింద విచ్చిన లేత ఊదా పూలు ఉంటాయి, ప్రిములా అంటే ఎవరూ నమ్మరు. ఎక్కువ కాలం బతకదు కాబట్టి ఏటా నాలుగు గింజలు చల్లుకోవడం మంచిది. ఎండ ఉన్న చోట ఉంటే 'మోరీనా లాంగిఫోలియా' కూడా బాగుంటుంది. హిమాలయాల మొక్క, ఆకులకి ముళ్లు, నలిపితే సువాసన. పూలు తెల్లగా విచ్చి తర్వాత గులాబీ రంగుకి తిరుగుతాయి. దీనికి మాత్రం నీరు దిగిపోయే నేల కావాలి.

ఇక మీ గోడ. నీడ గోడ అని దిగులు పడకండి, రామోండా మైకోనైకి అంతకంటే మంచి చోటు లేదు. ఇది ఫ్రాన్స్, స్పెయిన్ల మధ్య ఉన్న పిరనీస్ కొండల మొక్క, కిటికీల్లో పెట్టుకునే ఆఫ్రికన్ వయొలెట్‌కి బంధువు. రాళ్ల సందులో నిలువుగా, ఆకుల చక్రం గోడని అంటుకున్నట్టు పెట్టాలి. అప్పుడు మధ్యలో నీరు నిలవదు. వేసవిలో ఆకులు ముడుచుకుని గోధుమరంగుకి తిరిగినా తీసి పారేయకండి, నీళ్లు తగిలితే మళ్లీ విచ్చుకుంటుంది. మే చివర ఊదా పూలు, మధ్యలో పసుపు.

లూయిసియా కాటిలెడన్‌ని కూడా ఇలా పక్కకి వంచే పెట్టాలి, కానీ కాస్త వెలుతురులో. ఉత్తర కాలిఫోర్నియా, ఒరెగాన్ కొండల మొక్క ఇది. వెనకటి వృక్షశాస్త్రజ్ఞులు దీన్ని మన గంగవాయిలి కూర కుటుంబంలో చేర్చేవాళ్లు, ఆ దళసరి ఆకులు చూస్తే ఎందుకో తెలుస్తుంది. దీని బంధువు లూయిసియా రెడివైవా కథ ఇంకా వింత. అమెరికా అన్వేషకుడు మెరివెదర్ లూయిస్ 1806లో మోంటానా ప్రాంతంలో సేకరించి ఎండబెట్టిన మొక్క వేళ్లని తర్వాత ఫిలడెల్ఫియాలో నాటితే చిగురించింది.

రాతి సందుల మొక్కల్ని సింక్ ఆకారపు రాతి తొట్లలో పెంచుతారు, కానీ అవి ఇక్కడ చాలా ఖరీదు. స్కాట్లండ్‌లో కొండ మొక్కల పిచ్చి ఉన్నవాళ్లు చేపల దుకాణంలో థర్మోకోల్ పెట్టెలు అడిగి తెచ్చుకుంటారు. అడుగున చిల్లులు పెట్టి, బయట తీగ బ్రష్‌తో గీరి, రాయిరంగు పెయింట్ వేస్తే దూరానికి రాయిలాగే ఉంటుంది, చలికి పగలదు. లోపల సగం సన్న కంకర, సగం మట్టి ఆధారంగా చేసిన కంపోస్టు పోయాలి. సూపర్‌మార్కెట్లో సంచుల్లో అమ్మే మామూలు కంపోస్టు మాత్రం వద్దు, అది చలికాలమంతా నీళ్లు పట్టుకుని కూర్చుంటుంది. పైన రెండు సెంటీమీటర్ల మందాన కంకర పరిచి, నవంబరులో నాలుగు ఇటుకల మీద ఒక గాజు పలక అడ్డం పెట్టండి. పక్కల గాలి ఆడాలి, పైన వాన పడకూడదు, అంతే. ఎండలు తగ్గాక, సెప్టెంబరులోపు ఒకసారి నెమటోడ్లని (చీడ పురుగుల్ని చంపే, కంటికి కనపడని నులిపురుగుల్ని) నీళ్లలో కలిపి పోయండి. లూయిసియా, ప్రిములాల వేళ్లు తినే వైన్ వీవిల్ పురుగుకి ఇంటి తోటలో అంతకంటే నికరమైన విరుగుడు నాకు కనపడలేదు.

ఆ తొట్టిలో వెండిరంగు చక్రంలా ఉండే 'శాక్సిఫ్రాగా లాంగిఫోలియా' పెట్టాలనిపిస్తుంది మీకు. కొన్నేళ్లు కదలకుండా ఉండి, ఒక జూన్‌లో అరమీటరు పొడుగున వందల తెల్లపూల జడ దించుతుంది, తర్వాత అరటిచెట్టు గెల వేసినట్టు చచ్చిపోతుంది. అరటికైనా పిలకలుంటాయి, దీనికి అవీ ఉండవు. అందుకని 'టంబ్లింగ్ వాటర్స్' అనే సంకరం తీసుకోవడం తెలివైన పని, అది పూసి చచ్చినా పక్కన పిల్లల్ని వదులుతుంది.

కొనేముందు ఒక ఆదివారం బొటానిక్ గార్డెన్‌కి వెళ్లండి, తోటకి టికెట్ లేదు. రాక్ గార్డెన్, ఆల్పైన్ హౌస్ మే నెలలో చూడాలి. నీలం పాపీల కోసం అయితే స్కాట్లండ్‌లోనే ఉన్న పెర్త్‌లోని బ్రాంక్లిన్ గార్డెన్‌కి వెళ్లాలి. 1933లో మొదలైన స్కాటిష్ రాక్ గార్డెన్ క్లబ్ సభ్యులకి చలికాలంలో విత్తనాల మార్పిడి ఉంటుంది, అరుదైనవి చవగ్గా దొరికే మంచి దారి అది. వచ్చిన గింజల్ని కుండీల్లో చల్లి బయటే వదిలేయండి, చలి తగిలితేనే వాటిలో చాలావరకు మొలుస్తాయి. ఇండియా వెళ్లినప్పుడు హిమాలయాల నుంచి మొక్కలు సూట్‌కేసులో తెద్దామనుకోకండి, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకపోతే ఎయిర్‌పోర్టులో తీసేసుకుంటారు.

అమ్మగారికి మాత్రం వీటి గింజలు పంపకండి. మొలిచినా హైదరాబాద్ వేడి రాత్రులకి నిలవవు, ఆవిడకి ఊరికే టెన్షన్. ఆవిడకి కెంఫేరియా రొటుండా దుంపలు అక్కడి నర్సరీలో కొనిపెట్టండి, కొందరు భూచంపా అంటారు. అదీ అల్లం కుటుంబమే, మీ రోస్కోయాకి చుట్టం. ఎండాకాలంలో ఆకులు రాకముందే నేల మీద తెలుపు, ఊదా కలిసిన పూలు పూస్తుంది. ఆకులు రాలి నిద్రపోయే చలికాలంలో నీళ్లు పోయొద్దని చెప్పండి, పోస్తే దుంప కుళ్లుతుంది.