బావగారి పేరు మీద లోను తీసి నేను కారు వాడుకోవచ్చా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలం. నా వయసు 27. పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీలో నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. చేతికొచ్చే జీతం 34 వేలు. ఇంతవరకు ఎక్కడా అప్పు చేయలేదు, క్రెడిట్ కార్డు కూడా లేదు. జీఎస్టీ తగ్గాక చిన్న కారు ఒకటి కొందామని 11 వేలు కట్టి బుక్ చేశాను. ఆన్‌రోడ్ ధర ఏడున్నర లక్షలు, నా దగ్గర రెండున్నర లక్షలున్నాయి. మిగతా ఐదు లక్షలకు బ్యాంకుకు వెళితే ‘మీకు సిబిల్ (అప్పుల చరిత్రను బట్టి ఇచ్చే స్కోరు) లేదు, లోను రాదు’ అని నోటిమాటగా చెప్పి పంపేశారు. షోరూం అతను ప్రైవేటు ఫైనాన్స్‌లో 7 శాతానికే ఇప్పిస్తానంటున్నాడు. కానీ సంతకం పెట్టిన ఖాళీ చెక్కులు ఐదు, ఒక షూరిటీ కావాలట. అది ఇష్టం లేకపోతే లోనూ కారూ మా బావగారి పేరు మీద పెట్టేసి, ఈఎంఐ నన్ను కట్టుకోమంటున్నాడు. బావగారు (అక్క భర్త) ప్రభుత్వ టీచరు, ఆయన సరేనన్నారు. నాన్నను కలుపుదామంటే, తిత్లీ తుపానులో జీడితోట పోయాక ఆయన పంట రుణం సెటిల్‌మెంట్ కింద మూశారు. లోను రాకపోతే బుకింగ్ డబ్బు తిరిగి ఇవ్వం అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: బావగారి పేరు మీద మాత్రం పెట్టకండి. ఆయన మీద అనుమానంతో అంటున్న మాట కాదిది. ఇద్దరూ మంచివాళ్లే అయినా, కాగితం మీద అప్పు, ఆర్సీ, ఇన్సూరెన్సు ఆయనవి, స్టీరింగు మీ చేతిలో ఉంటుంది. ఏ గొడవా లేనన్నాళ్లూ ఈ తేడా ఎవరికీ కనిపించదు. గొడవ వచ్చిన రోజున ఇద్దరినీ ముంచుతుంది.

రేపు రణస్థలం దగ్గర హైవే మీద మీ కారు తగిలి ఎవరికైనా దెబ్బ తగిలిందనుకోండి. చట్టం దృష్టిలో యజమాని ఆర్సీలో పేరున్న మనిషి. ‘బండి నా పేరు మీదుంది గానీ వాడేది మా బావమరిది’ అంటే ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్ వినదు. బండి అమ్మేసి డబ్బు తీసేసుకున్నా, ఆర్సీలో పేరు మారనంత వరకు పాత ఓనరే బాధ్యుడని నవీన్ కుమార్ కేసులో 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. అమ్మేసినవాడికే తప్పనప్పుడు, అమ్మకుండా పేరు అరువిచ్చిన మీ బావగారికి ఎలా తప్పుతుంది? ఇన్సూరెన్సు ఉంటే పరిహారం కంపెనీ కడుతుంది, నిజమే. కానీ ఆ రోజుకి మీ లైసెన్సు గడువు దాటిపోయి ఉంటే, ముందు బాధితుడికి కట్టి తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకోమని ట్రిబ్యునల్ చెప్పవచ్చు. ఆ ఓనరు బావగారే.

ప్రమాదంలో మీకే ఏమైనా అయితే? పాలసీలో ఓనరు-డ్రైవరుకు 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఉంటుంది. పేరులోనే ఉంది, అది ఓనరుకి. రోజూ బండి నడిపే మీకు అందులోంచి రాదు. కారు నుజ్జయిపోతే వచ్చే క్లెయిము కూడా బావగారి పేరుతో లెక్కగట్టి, ముందు ఫైనాన్స్ బాకీకి జమ చేస్తారు.

మీకు తెలియాల్సిన మరో చట్టం బేనామీ చట్టం. డబ్బు ఒకరిది, ఆస్తి ఇంకొకరి పేరున ఉంటే దాన్ని ఆ చట్టం పట్టుకుంటుంది. ఆస్తి అంటే భూములు, ఇళ్లే కాదు, కదిలే వస్తువులు కూడా. భార్య పేరున, పిల్లల పేరున కొనుక్కోవడానికి మినహాయింపు ఉంది గానీ బావగారికి లేదు. చిన్న కారు కోసం ఎవరో వచ్చి మిమ్మల్ని పట్టుకుపోతారని నేను భయపెట్టడం లేదు. నా టెన్షన్ సెక్షన్ 4తో. ‘పేరు ఆయనదే గానీ వస్తువు నాది’ అని కోర్టుకెళ్లి అడిగే దారిని అది మూసేస్తుంది. అక్కా బావల మధ్యో మీ మధ్యో మాట తేడా వస్తే, బావగారి లాయరు మొదట ఎత్తేది ఈ సెక్షనే. దేవుడు మంచి చేయాలి గానీ, బావగారికే ఏమన్నా అయితే ఆ కారు ఆయన వారసులకు, అంటే అక్కకి, పిల్లలకి, బావగారి తల్లికి చెందుతుంది. అంటే మీరు డబ్బు కట్టిన కారు కోసం అక్క అత్తగారి సంతకం అడగాల్సి వస్తుంది.

బావగారి వైపు నుంచీ చూడండి. ఆయన ప్రభుత్వోద్యోగి. ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళి, 1964 ప్రకారం విలువైన చరాస్తి కొన్నా అమ్మినా పై అధికారికి తెలియజేయాలి. పేరు ఆయనది కాబట్టి ఆ బాధ్యతా ఆయనదే. రేపు శ్రీకాకుళంలో ఇల్లు కట్టుకోవడానికి హోంలోనుకు వెళితే, మీ కారు ఈఎంఐని బ్యాంకు ఆయన జీతంలోంచి తీసేసి, మిగిలిన దాని మీదే లోను లెక్కగడుతుంది. ఆయన సరేనన్నది ఇవన్నీ తెలిసేనా?

ఐదేళ్లు క్రమం తప్పకుండా మీరు వాయిదాలు కడితే పెరిగేది బావగారి సిబిల్. కారు లోను తీరేనాటికి కూడా మీరు ‘సిబిల్ లేని’ మనిషిగానే ఉంటారు. ఒక్క ఈ కారణం చాలు ఆ దారి వదిలేయడానికి.

ఖాళీ చెక్కులూ ఇవ్వకండి. ‘సెక్యూరిటీకే సార్, బీరువాలో పడుంటాయి’ అనే మాట నమ్మి సంతకం పెట్టినవాళ్లు మా శ్రీకాకుళం కోర్టు వరండాలో ఎప్పుడూ కనిపిస్తుంటారు. ఇష్టపూర్వకంగా సంతకం పెట్టి ఇచ్చిన ఖాళీ చెక్కులో అవతలివాడు అంకె రాసుకున్నా, అది అప్పు కోసం ఇచ్చిందేనని కోర్టు ముందుగా అనుకుంటుంది. కాదని చూపించాల్సిన బరువు సంతకం పెట్టినవాడి మీదే. బీర్ సింగ్ కేసులో 2019లో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. చెక్కు బౌన్సయితే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 కింద రెండేళ్ల దాకా జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ. వాయిదా వసూలుకు ఖాతా నుంచి నేరుగా కోసుకునే నాచ్ మాండేటు ఉండగా చెక్కుల అవసరం ఏమిటని అడగండి. (ఆ మాండేటు డబ్బు లేక తిరిగొచ్చినా 2007 నాటి పేమెంట్ చట్టం కింద ఇంచుమించు అదే శిక్ష. అది గుర్తుంచుకోండి.) చెక్కులు లేనిదే కుదరదంటే ఫైనాన్స్ కంపెనీ పేరు, ఈఎంఐ మొత్తం, లోను నంబరు మీ చేత్తోనే రాసి ఇవ్వండి. చెక్కు నంబర్లన్నీ వేసి, అందాయని వాళ్ల స్టాంపుతో రసీదు తీసుకోండి. రసీదు ఇవ్వనన్నవాడికి చెక్కు ఇవ్వొద్దు.

ఇక మీ అసలు సమస్య. సిబిల్ లేకపోవడం వేరు, సిబిల్ చెడిపోవడం వేరు. స్కోరు 300 నుంచి 900 మధ్య ఉంటుంది. ఎగ్గొట్టినవాడికి తక్కువ స్కోరుంటుంది. మీలా అప్పే చేయనివాడికి స్కోరు ఉండదు, రిపోర్టులో మైనస్ ఒకటి అనో, చరిత్ర లేదనో వస్తుంది. మొదటిసారి అప్పు అడిగేవాళ్లకు రుణ చరిత్ర లేదన్న ఒక్క కారణంతో దరఖాస్తు తిరస్కరించవద్దని రిజర్వు బ్యాంకు 2025 జనవరిలో ఇచ్చిన ఆదేశాల్లో ఉంది. అదే సంవత్సరం ఆగస్టులో ఆర్థిక శాఖ లోక్‌సభలోనూ ఆ మాటే చెప్పింది. అలాగని లోను మీ హక్కు అయిపోదు. ఇవ్వాలా వద్దా అన్నది బ్యాంకే తేలుస్తుంది. కానీ కౌంటరు దగ్గర నోటిమాటతో తిప్పి పంపడం మాత్రం పద్ధతి కాదు. దరఖాస్తు తీసుకుని, ఇవ్వకపోతే ఎందుకివ్వడం లేదో ప్రధాన కారణాలు రాతపూర్వకంగా చెప్పాలని రిజర్వు బ్యాంకు నియమం 2007 నుంచే ఉంది.

కాబట్టి మళ్లీ వెళ్లండి, ఈసారి మీ జీతం పడే బ్యాంకుకు. నెలనెలా మీ జీతం వస్తున్నట్టు వాళ్ల కంప్యూటర్లోనే కనిపిస్తుంది. ఆర్నెల్ల పే స్లిప్పులు, ఫారం 16, అపాయింట్‌మెంట్ ఆర్డరు, పీఎఫ్ పాస్‌బుక్ పట్టుకెళ్లండి. ఒకే కంపెనీలో నాలుగేళ్లు, పీఎఫ్ కోత, ధరలో మూడో వంతు డౌన్ పేమెంట్. స్కోరు లేని మనిషికి ఇంతకంటే మంచి ఫైలు అరుదు. దరఖాస్తు ఇచ్చి అందినట్టు రసీదు తీసుకోండి. ఆ ఒక్క రసీదుతో చాలాసార్లు మాట తీరు మారిపోతుంది. తిరస్కరిస్తే కారణం రాసిమ్మనండి. ఇవ్వకపోతే బ్యాంకు ఫిర్యాదుల విభాగానికి రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే అధికారి) ఆన్‌లైన్‌లో ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు.

దానికి ముందే మీ సిబిల్ రిపోర్టు మీరే తీసి చూసుకోండి. ఏడాదికొకసారి పూర్తి రిపోర్టు ఉచితం, సొంతంగా చూసుకుంటే స్కోరుకు నష్టం లేదు. మీ పాన్ నంబరుతో ఎవరైనా ఏదో యాప్‌లో అప్పు తీసి ఉంటే ఇప్పుడే బయటపడుతుంది. షోరూంలో మాత్రం మీ పాన్, ఆధార్ కాపీలు నలుగురు ఫైనాన్సర్లకు పంచనివ్వకండి. ఒక్కొక్కరూ మీ రిపోర్టు తీసి చూసిన ప్రతిసారీ అది మీ రిపోర్టులో విచారణగా నమోదవుతుంది. ఖాళీ రిపోర్టులో వరసగా విచారణలే కనిపిస్తే చూసేవాడికి అనుమానం రాక ఏం వస్తుంది?

ఆ ‘7 శాతం’ సంగతి. ఉదాహరణకు బ్యాంకే 9.5 శాతానికి ఇస్తుందనుకుంటే, ప్రైవేటువాడు 7కి ఎలా ఇస్తాడు? అది ఫ్లాట్ వడ్డీ. ఐదు లక్షలకు ఐదేళ్లూ 7 శాతం చొప్పున లక్షా 75 వేలు వడ్డీ వేసి, మొత్తాన్ని 60 వాయిదాలు చేస్తే నెలకు 11,250. మీరు తీర్చేసిన అసలు మీద కూడా ఐదో ఏడు దాకా వడ్డీ కడుతూనే ఉంటారన్నమాట. తగ్గే బాకీ మీద లెక్కగడితే అది సుమారు 12.5 శాతం. బ్యాంకువాళ్ల 9.5 శాతానికి ఈఎంఐ దాదాపు 10,500. ఐదేళ్లలో తేడా 45 వేలు. ఈ మాటల గారడీకి విరుగుడు ఉంది. 2024 అక్టోబరు 1 నుంచి ప్రతి రిటైల్ రుణానికీ ‘కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్’ అనే కాగితం ముందే ఇవ్వాలి, అదీ మీకు అర్థమయ్యే భాషలో. అందులో ఏపీఆర్ అని ఒక గడి ఉంటుంది. ఫీజులన్నీ కలుపుకుని ఏడాదికి నిజంగా ఎంత పడుతుందో అక్కడ ఉండాలి. మిగతా పేజీలు తర్వాత చదవొచ్చు, ముందు ఆ గడి చూడండి. ఆ కాగితంలో లేని ఛార్జీ ఏదీ మీరు ఒప్పుకోకుండా వేయకూడదు. అది ఇచ్చాక ఆలోచించుకోవడానికి కనీసం మూడు పనిదినాలుంటాయి. ‘ఈ రోజే సంతకం పెడితేనే ఈ రేటు’ అనేవాడి మాట పట్టించుకోకండి.

షూరిటీ తప్పదంటే బావగారిని అక్కడ అడగండి. లోను, ఆర్సీ, ఇన్సూరెన్సు మూడూ మీ పేరునే ఉండి, ఆయన హామీదారుగా సంతకం పెట్టవచ్చు. దానికీ బరువు లేకపోలేదు. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 128 ప్రకారం మీ బాధ్యత ఎంతో ఆయన బాధ్యతా అంతే. మీరు కట్టకపోతే బ్యాంకు ముందు మీ వెంట పడాలన్న రూలు లేదు, నేరుగా ఆయన్నే అడగవచ్చు. అయితే ఆయన కట్టాల్సి వస్తే ఆ డబ్బు మీ దగ్గర రాబట్టుకునే హక్కు అదే చట్టం ఆయనకు ఇచ్చింది. పేరు అరువిచ్చే పద్ధతిలో ఆ రక్షణ లేదు. ఈ సంగతి అక్క ముందే ఆయనకు చెప్పండి.

నాన్నగారిని సహ దరఖాస్తుదారుగా కలపకండి. పూర్తిగా కట్టి మూసిన రుణానికీ, బ్యాంకు కొంత వదులుకుని మూసిన రుణానికీ సిబిల్‌లో ముద్ర వేరు. రెండోదానికి ‘సెటిల్డ్’ అని పడుతుంది. 2018 అక్టోబరులో తిత్లీకి మీ ఉద్దానం ప్రాంతమంతా నేలకొరిగిందని ఆ రిపోర్టుకు తెలియదు. మీ ఖాళీ రిపోర్టు పక్కన ఆయనది పెడితే ఉన్న అవకాశం కూడా తగ్గుతుంది. ఆయన రిపోర్టు కూడా ఒకసారి తీసి చూడండి. సెటిల్‌మెంట్ అయిపోయినా ఇంకా బాకీ ఉన్నట్టు చూపిస్తుంటే సరిచేయమని రాయాలి. 30 రోజుల్లో తేల్చకపోతే ఆ పైన రోజుకు వంద రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. రుణం గ్రామీణ వికాస్ బ్యాంకుదైతే, 2025 మే 1 నుంచి మన రాష్ట్రంలో అది ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసిపోయింది. ఉత్తరంలో కొత్త పేరే రాయండి.

బుకింగ్ డబ్బు గురించి. ఫారం వెనక చిన్న అక్షరాలు చదవండి. లోను రాకపోతే కోసుకుంటామని అక్కడ లేకపోతే, మొత్తం ఉంచేసుకోవడాన్ని వినియోగదారుల చట్టం కింద ప్రశ్నించవచ్చు. రద్దు చేస్తున్నానని, డబ్బు పంపమని మెయిల్ పెట్టండి, ఫోన్‌లో తేల్చుకోవద్దు. కదలకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేయండి. దానికీ లొంగకపోతే శ్రీకాకుళంలో జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. మీ మొత్తానికి ఫీజు లేదు, రెండేళ్ల లోపు వేయవచ్చు, మీరుండే జిల్లాలోనే వేయవచ్చు.

అయితే రద్దుకు తొందరపడకండి. ముందు జీతం బ్యాంకు ఏమంటుందో తేలనివ్వండి, డెలివరీ తేదీ కొంచెం వెనక్కి జరపమని షోరూంకు మెయిల్‌లోనే అడగండి. బ్యాంకు కూడా కాదంటే, మీ రెండున్నర లక్షల్లో 25 వేలు అదే బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేసి, దాని మీద క్రెడిట్ కార్డు తీసుకోండి. దీనికి సాధారణంగా సిబిల్ అడగరు. నెలకు పెట్రోలు, సరుకులకు నాలుగైదు వేలు వాడి, గడువుకు ముందే మొత్తం కట్టేయండి, కనీస మొత్తం మాత్రం కట్టి ఊరుకోవద్దు. ఆరు నెలల్లో మీకంటూ ఒక స్కోరు వస్తుంది. అప్పుడు అదే మేనేజరు దగ్గరికి అదే ఫైలుతో వెళ్లండి.