ఆ గీత సముద్రానిదా, ఉపగ్రహానిదా?

చి. మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

బంగాళాఖాతంలో క్లోరోఫిల్ (నీటిలోని సూక్ష్మమొక్కల పచ్చదనం) తగ్గుతోందా లేదా అన్నది నీ పీహెచ్‌డీ అంశమని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. డేటా దింపుకుని గ్రాఫ్ గీయడం ఒక పూట పని. ఆ గీత సముద్రానిదా, ఉపగ్రహానిదా అని తేల్చుకోవడానికే ఏళ్లు పడతాయి. పడనీ తల్లీ, తొందరపడకు.

ఏ ఒక్క ఉపగ్రహమూ నీకు కావలసినన్నేళ్లు బతకదు. సముద్రపు రంగును కొలిచే సీవిఫ్స్ 1997 నుంచి 2010 దాకా చూసింది. ఆక్వా ఉపగ్రహం మీది మోడిస్ పరికరం 2002లో వచ్చింది. మన ఓషన్‌శాట్‌లు 1999, 2009, 2022లో శ్రీహరికోట నుంచి వెళ్లాయి. ఒక్కోటి చూసే కాంతి బ్యాండ్లు వేరు, పాతబడే తీరు వేరు. వరసగా అతికించి గీత గీస్తే అతుకుల దగ్గరి తేడాలే ట్రెండ్‌లా కనిపిస్తాయి. పాతదీ కొత్తదీ రెండూ కలిసి చూసిన ఏళ్లను ముందు పట్టుకో. అదే నెలలో, అదే చోట రెండూ ఏం చెప్పాయో పక్కపక్కన పెట్టి చూడు.

ఈ పనిలో నాకు అందరికన్నా గౌరవం సముద్రమట్టం కొలిచేవాళ్ల మీద. 1992లో టోపెక్స్/పొసైడన్ వెళ్లింది. తర్వాత జేసన్ వరసలో వచ్చిన ప్రతి కొత్తదాన్నీ పాతదానితో కలిపి ఒకే దారిలో, సుమారు ఒక నిమిషం తేడాతో నెలల తరబడి తిప్పారు. 1,336 కిలోమీటర్ల ఎత్తు నుంచి ఏడాదికి 3 మిల్లీమీటర్ల పైచిలుకు పెరుగుదలను నమ్మకంగా చెప్పగలుగుతున్నారంటే ఆ ఓపిక వల్లే. అంత చేసినా టోపెక్స్ తొలి ఏళ్ల కొలతల్లో లోపం మిగిలింది. తీరంలో నీటిమట్టం కొలిచే టైడ్ గేజీలతో పోల్చి సరిదిద్దాక, మట్టం పెరిగే వేగం కూడా పెరుగుతోందన్న సంగతి స్పష్టంగా తేలింది.

వరస ఎక్కడ మొదలైందో కూడా చూసుకో. సీవిఫ్స్ 1997 సెప్టెంబరులో చూడటం మొదలుపెట్టేసరికి పసిఫిక్‌లో ఎల్‌నినో, మన మహాసముద్రంలో డైపోల్ (పడమర వేడెక్కి తూర్పు చల్లబడటం) రెండూ బలంగా ఉన్నాయి. సుమత్రా తీరాన ఎన్నడూ లేనంత క్లోరోఫిల్ కనిపించింది. అలాంటి ఏడాదితో మొదలైన గీత వాలును ఎలా నమ్ముతాం? మొదటి రెండేళ్లు తీసేసి మళ్లీ గీయి. వాలు మారిపోతే ట్రెండ్ అన్న మాట ఇంకా రాయకు. క్లోరోఫిల్‌లో వాతావరణ మార్పును సహజమైన హెచ్చుతగ్గుల నుంచి విడదీయడానికి సుమారు 40 ఏళ్ల వరస కావాలని 2010లోనే ఒక అధ్యయనం లెక్కగట్టింది.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా బంగాళాఖాతం మీద మబ్బులే కాబట్టి, సగటు తీసే ముందు ఏ నెలలో ఎన్ని పిక్సెళ్లు దొరికాయో లెక్కపెట్టు. గోదావరి, కృష్ణ సముద్రంలో కలిసే చోట్ల వరద బురద క్లోరోఫిల్ లెక్కను పెంచేస్తుంది. ఆ తీరపు పట్టీని విడిగా ఉంచు.

ఇంకొకటి. ఉపగ్రహానికి కనిపించేది పైపొరే. నదుల మంచినీళ్లు పైన మూతలా పరుచుకోవడంతో ఇక్కడ క్లోరోఫిల్ చాలాసార్లు లోపలి పొరలో ఎక్కువగా ఉంటుంది. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్‌లో, సముద్రంలో మునిగి తేలుతూ కొలిచే ఆర్గో ఫ్లోట్ల డేటా దొరుకుతుంది. క్లోరోఫిల్ సెన్సర్ ఉన్నవాటిని వెతికి పట్టుకో.

ముందు సీవిఫ్స్, మోడిస్ కలిసి చూసిన ఏళ్ల పోలిక చేసి నాకు పంపించు. మిగతాది అది చూశాక మాట్లాడుకుందాం.

మీ మామయ్య