తల ఆపరేషన్ తర్వాత ఇన్ఫెక్షన్: గంటలో తేల్చే పీసీఆర్ టెస్ట్ కోసం పట్టుబట్టాలా?

మీ బాబాయికి ఈవీడీ (మెదడులోని నీటిని బయటికి తీసే పైపు) పెట్టాక జ్వరం వచ్చిందని, కల్చర్‌కు (క్రిమిని పెంచి చూసే పరీక్ష) మూడు రోజులంటున్నారని, గంటలో తేలే పీసీఆర్ (క్రిముల జన్యుపదార్థాన్ని పట్టే పరీక్ష) చేయించమని గట్టిగా అడగాలా అని రాశారు. నేను గట్టిగా అడిగి చేయించినవాణ్నే.

మెదడులో రక్తస్రావమై మా నాన్నకూ తలలోంచి పైపు వేశారు. ఎనిమిదో రోజు జ్వరం. మంచం పక్కన సంచిలోకి తేటగా దిగే నీరు బియ్యం కడుగులా మారింది. నెట్‌లో చదివి డాక్టరు వెంటపడ్డాను. "చేయిస్తాను గానీ దాని మీద ఆశ పెట్టుకోకండి" అన్నారాయన. నా చెవికెక్కలేదు. సాయంత్రానికి కాగితం వచ్చింది. పద్నాలుగు వరసలు, అన్నిటి పక్కనా 'నాట్ డిటెక్టెడ్'. ఇన్ఫెక్షన్ లేదని అమ్మకు ఫోన్ చేసి చెప్పేశాను. ఇక ఈ మందులెందుకని డాక్టర్ని అడిగాను కూడా! ఆయన ఆపలేదు, అదే మా అదృష్టం. మూడో రోజు కల్చర్‌లో ఎసినెటోబ్యాక్టర్ అనే ఆస్పత్రి క్రిమి వచ్చింది.

టెస్ట్ తప్పు చెప్పలేదు. మాకు చేసింది బయోఫైర్ కంపెనీ మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) ప్యానెల్, అంటే ఒకేసారి కొన్ని క్రిముల్ని వెతికే పీసీఆర్. 2015లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతించినది. న్యుమోకాకస్, లిస్టీరియా, హెర్పిస్ లాంటి 14 రకాలనే వెతుకుతుంది. అవి ఎక్కువగా బయట సోకేవి. పైపుల వెంట ఎక్కే స్టెఫైలోకాకస్, ఎసినెటోబ్యాక్టర్, క్లెబ్సియెల్లా, సూడోమోనాస్ ఆ జాబితాలోనే లేవు.

కాబట్టి "పీసీఆర్ చేయండి" అనకండి. "మీ ప్యానెల్లో ఏయే క్రిములున్నాయి?" అని అడగండి. బ్లడ్ కల్చర్ కోసం తయారైన ప్యానెళ్లలో ఆస్పత్రి క్రిములతో పాటు, మందులకు లొంగకుండా చేసే ఎన్‌డీఎం లాంటి జీన్లు కూడా ఉంటాయి. కొన్నిచోట్ల వాటిని సీఎస్ఎఫ్ (మెదడులో, దాని చుట్టూ ఉండే నీరు) మీద వాడి చూస్తారు. కంపెనీ చెప్పిన వాడకం అది కాదు, కాబట్టి రిపోర్టుకు అర్థం డాక్టరే చెప్పాలి. పాజిటివ్ వస్తే మందు త్వరగా మార్చుకోవచ్చు. నెగెటివ్ వచ్చిందని మాత్రం మందు ఆపకూడదు. ఫలానా మందు పనిచేస్తుందా లేదా అన్నది ఎలాగూ కల్చర్‌లోనే తేలాలి. నాన్నకు ఆ పైపులోంచే కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ ఎక్కించింది కల్చర్ చూశాకే. ఇప్పుడు చేతికర్రతో నడుస్తున్నారు.

ఇంకో సంగతి. గ్రామ్ స్టెయిన్ అని చవకైన పరీక్ష ఉంది, క్రిములకు రంగు వేసి మైక్రోస్కోపులో చూస్తారు, అదే రోజు వస్తుంది. నాన్న ఫైల్లో అది సీఎస్ఎఫ్ తీసిన రోజు మధ్యాహ్నమే 'గ్రామ్ నెగెటివ్ బాసిలై' (ఎసినెటోబ్యాక్టర్ లాంటి క్రిముల గుంపు) అని చెప్పింది. ఖరీదైన కాగితం కోసం ఎదురుచూస్తూ నేను ఆ పేజీ తిప్పనేలేదు. మీరు ఫైలు తీసి అదీ, ఆ నీటిలో కణాల లెక్క, షుగర్, లాక్టేట్ వచ్చాయేమో చూడండి. యాంటీబయాటిక్ మార్చకముందే సీఎస్ఎఫ్ తీశారా అన్నది కూడా ఇవాళే కనుక్కోండి.